బెంచ్ ప్రెస్‌కి ఫ్రాక్షనల్ ప్లేట్లు: కొనదగ్గవేనా?

చాలా జిమ్ముల్లో అన్నిటికంటే చిన్న ప్లేటు 2.5 కిలోలు. రెండు వైపులా వేస్తే ఒకేసారి 5 కిలోలు పెరుగుతుంది. బెంచ్ ప్రెస్‌లో, అంటే బెంచ్ మీద పడుకుని బార్‌ని ఛాతీ నుంచి పైకి నెట్టడంలో, 60 కిలోలు కొట్టేవాళ్లకి అది 8 శాతం పైమాటే. నెలల తరబడి బెంచ్ ముందుకు కదలకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. 0.25, 0.5, 1 కిలో జతలుండే ఫ్రాక్షనల్ ప్లేట్ల సెట్టుతో ఆ ఇబ్బంది నిజంగానే తీరుతుంది.

కొనేముందు రంధ్రం కొలత చూడండి. ఒలింపిక్ బార్ స్లీవ్ (ప్లేట్లు ఎక్కించే చివరి భాగం) మందం 50 మిల్లీమీటర్లు. సన్న రాడ్డుకి ఆ ప్లేటు వేస్తే వేలాడుతుంది. అయస్కాంతంతో అంటుకునే రకం రబ్బరు ప్లేట్ల మీద నిలవదు, మన జిమ్ములకి అది దండగ. రాగానే వంటింటి కాటాలో తూచండి. ఇంకో చిక్కుంది: జిమ్ములో 20 అని రాసున్న ప్లేట్లన్నీ సరిగ్గా 20 తూగవు. ప్రతిసారీ అవే ప్లేట్లు వాడకపోతే మీరు కలిపిన అర కిలో లెక్కలోకే రాదు.

ఐదేసి రెప్స్ (ఒకసారి దించి ఎత్తితే ఒక రెప్) చొప్పున మూడు సెట్లు పూర్తయితేనే తర్వాతిసారి పక్కకి అర కిలో పెంచండి. రెక్క ఎముకలు వెనక్కి, కిందికి బిగించి ఉండాలి. బార్ ఛాతీ కింది భాగాన్ని తాకేచోట ముంజేయి నిటారుగా నిలవాలి. పిరుదులు బెంచ్ మీంచి లేస్తే ఆ రెప్ లెక్కకాదు, బరువు పెంచొద్దు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఇవి ఇప్పుడే అక్కర్లేదు, 1.25 కిలోల ప్లేట్ల జత చాలు.