ఐరన్ ఈడీడీహెచ్ఏ 6%: కొనే ముందు లేబుల్ మీద ఏ అంకె చూడాలి?

లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుప ధాతు లోపం. ముదురు ఆకులు ముందు పసుపెక్కితే మాత్రం నత్రజనిని అనుమానించాలి, ఈడీడీహెచ్ఏ డబ్బా అక్కర్లేదు. సున్నపు నేలల్లో ఇనుముకు కొదవ ఉండదు. ఉదజని సూచిక (పీహెచ్) 7.5 దాటాక అది తుప్పులా గడ్డకట్టి వేరుకు అందదు, అంతే. ఇనుమును కరిగిన స్థితిలో పట్టి ఉంచడమే ఈడీడీహెచ్ఏ అనే ఈ మందు పని.

డబ్బా మీద పెద్దక్షరాల్లో కనిపించే 6% మొత్తం ఇనుము. అసలు చూడాల్సింది ఆర్థో-ఆర్థో అంకె, అంటే అందులో గట్టి పట్టున్న రకం అణువు పట్టిన ఇనుము ఎంతో చెప్పేది. ఆ రకం అణువు ఇనుమును ఆరు చోట్ల పట్టుకుంటుంది. ఆర్థో-పారా రకానికి ఒక పట్టు తక్కువ, అది సున్నపు నేలలో త్వరగా జారిపోతుంది. ఆర్థో-ఆర్థో 4.8% ఉంటే మంచి సరుకు. ఆ అంకే వేయని డబ్బా ఎంత చవకైనా వద్దు. నీళ్లలో కలిపితే ముదురు ఎరుపు రావాలి, కానీ రంగు ఒక్కటే చూసి నమ్మకండి. ఆర్థో-ఆర్థో ఎంతుందో రంగు చెప్పదు.

ఈడీటీఏ అనే మరో రకం ఇనుప మందులో ఇనుము 12%, ధరా తక్కువే. అయితే ఉదజని సూచిక 6.5 దాటితే అందులో ఇనుము జారిపోయి ఆ చోట కాల్షియం కూర్చుంటుంది. కోకోపీట్ కుండీలకు, ఆమ్ల నేలలకు అది చాలు. బోరు నీళ్లు పోసే సున్నపు నేలలో బత్తాయి, గులాబీ లాంటి వాటికి మాత్రం ఈడీడీహెచ్ఏకే ఓటు.

10 లీటర్ల నీటికి అర గ్రాము కలిపితే లీటరుకు 3 మిల్లీగ్రాముల ఇనుము వస్తుంది. కుండీలకు ఈ మోతాదుతో మొదలుపెట్టండి. సాయంత్రం, తడి మట్టిలో, వేరు దగ్గరే పోయాలి. ఎండ తగిలితే అణువు విరిగిపోతుంది, పిచికారీకి పనికిరాకపోవడానికి కారణం అదే. పాలిపోయిన పాత ఆకులు మళ్లీ పచ్చబడతాయని ఎదురుచూడకండి, కొత్త చిగురు చూసి తేల్చుకోండి. నేల ఎప్పుడూ చిత్తడిగా ఉంటే ముందు నీళ్లు తగ్గించాలి. అలాంటి చోట ఇనుమును మొక్కకు అందనివ్వని బైకార్బొనేట్ పేరుకుని మందు ఖర్చంతా వృథా.

పిచికారీకి అన్నభేదే (ఫెర్రస్ సల్ఫేట్) మేలు. వేరుశనగకు ఎకరాకు కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), 200 లీటర్ల నీళ్లు. నిమ్మ ఉప్పు మానేస్తే ద్రావణం గోధుమ రంగుకు తిరుగుతుంది, అప్పుడది కొట్టినా దండగే. అన్నభేది పలుకులు లేతాకుపచ్చగా ఉన్నవే కొనండి, గోధుమ పొడి పట్టినవి వద్దు.

వరి, జొన్న, మొక్కజొన్నలకైతే ఈడీడీహెచ్ఏ డబ్బా వద్దేవద్దు. ఓట్స్, వరి వేళ్లు కడిగిన నీటిలో ఇనుమును పట్టే పదార్థాలున్నాయని జపాన్ శాస్త్రవేత్త తకాగి 1976లో చూపారు. గడ్డిజాతి పైర్లు ఆ పదార్థాలను తామే వదిలి, ఇనుముతో సహా వెనక్కి లాక్కుంటాయి. ఈడీడీహెచ్ఏ పట్టు గట్టిది కాబట్టి వాటికి ఇనుమును తేలిగ్గా వదలదు. మెట్ట నారుమడి పాలిపోతే అన్నభేది పిచికారీ చేయండి.