ఏడు సీజన్లు మోసిన స్పాటింగ్ స్కోప్

కొలరాడోలో ఎల్క్ (పెద్ద జింక జాతి) వేటకు మొదటిసారి వెళ్ళినప్పుడు 85 మిల్లీమీటర్ల వెడల్పు లెన్స్ ఉన్న స్పాటింగ్ స్కోప్ (దూరంలో ఉన్నదాన్ని ఒక కంటితో చూసే దుర్బిణి) కొన్నాను. పెద్ద గ్లాసైతే ఎక్కువ కనిపిస్తుంది కదా అని. స్కోప్ రెండు కిలోలకు కాస్త తక్కువ, ట్రైపాడ్, దాని మీద స్కోప్‌ను పట్టి తిప్పే హెడ్ కలిపి ఇంకో రెండు. ఫ్లాట్ టాప్స్ కొండల్లో పదకొండు వేల అడుగుల ఎత్తున ఊపిరందక నిలబడ్డప్పుడు ఆ నాలుగు కిలోల సంగతి తెలిసొచ్చింది. మూడోరోజు నుంచి అది ట్రక్కులోనే పడుంది.

తర్వాతి ఏడాది కోవా కంపెనీ చిన్న స్కోప్, టీఎస్ఎన్-553 తీసుకున్నాను. 15 నుంచి 45 రెట్లు పెద్దగా చూపిస్తుంది, 55 మిల్లీమీటర్ల ఫ్లోరైట్ (ఒక రకం స్ఫటికం) లెన్స్, బరువు 800 గ్రాములు. అప్పట్నుంచి ఏడు సీజన్లుగా సంచిలో ఇదే. ధర మాత్రం తక్కువేం కాదు. ఇంట్లో ఈ లెక్క చెప్పడమే అసలు వేట అనుకోండి.

అసలు స్కోప్ ఎందుకు? జంతువును వెతకడానికి మాత్రం కాదు. వెతికేది 10x42 (10 రెట్లు, 42 మిల్లీమీటర్ల లెన్సులు) బైనాక్యులర్సే, అదీ చేత్తో పట్టుకుని కాదు, ట్రైపాడ్ మీద బిగించి. బొమ్మ కదలకపోతే చెట్ల నీడలో చెవి ఆడించిన ఎల్క్ కూడా దొరుకుతుంది. స్కోప్ పని ఆ తర్వాత మొదలవుతుంది. కొలరాడోలో చాలా యూనిట్లలో (వేట ప్రాంతాల్లో) మగ ఎల్క్‌ను కొట్టాలంటే ఒక పక్క కొమ్ముకు కనీసం 4 పాయలు (కొమ్ము నుంచి చీలిన కొనలు) ఉండాలి, లేదా కనుబొమ్మ దగ్గరి పాయ 5 అంగుళాలైనా ఉండాలి. మైలు దూరంలో ఉన్నదానికి మూడా, నాలుగా అన్నది బైనాక్యులర్స్‌లో తేలదు. అది తేలక లోయ దిగి, మళ్ళీ ఎక్కి, రెండు గంటలు పోగొట్టుకున్న రోజులున్నాయి నాకు. మ్యూల్ డీర్‌ (పెద్ద చెవుల జింక)కైతే చెవులే కొలబద్ద: విప్పిన రెండు చెవుల కొసల మధ్య సుమారు 20 అంగుళాలు, కొమ్ములు వాటిని దాటి బయటికి వస్తే ఆగి చూడొచ్చు.

55 లెన్స్‌తో ఒక ఇబ్బంది ఉంది, ఏ కంపెనీదైనా అంతే. లెన్స్ వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు వస్తుంది. 45 రెట్ల దగ్గర అది 1.2 మిల్లీమీటర్లు. చుక్క చిన్నదయ్యేకొద్దీ బొమ్మ చీకటవుతుంది. సూర్యాస్తమయం తర్వాత ఇంకో అరగంట కాల్చడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ అరగంటలో 45కు తిప్పితే బూడిదరంగు తప్ప ఏమీ కనపడదు. నేను 22 దాటను. 85 లెన్స్ అక్కడ గెలుస్తుంది, కాదనను.

వంపు ఐపీస్ (కన్ను పెట్టే గొట్టం పైకి వంగి ఉండేది) తీసుకోండి. ఎదురు కొండ మీదికి చూసేటప్పుడు మెడ పట్టదు, ట్రైపాడ్ కూడా పొట్టిగా ఉంచొచ్చు, గాలికి వణకదు. ట్రక్కు కిటికీలోంచి చూడ్డానికి మాత్రం తిన్నగా ఉండేదే సుఖం. కళ్ళజోడు ఉన్నవాళ్ళు షాపులో జోడు పెట్టుకునే చూడండి.

ట్రైపాడ్ దగ్గర పిసినారితనం చేసి నేనే నష్టపోయాను. చవకగా దొరికిన బాల్ హెడ్ (బంతి మీద తిరిగేది) ఒకటి కొన్నాను. పేరెందుకులెండి, మంచు పడిన ఉదయం బిగుసుకుపోయి, స్కోప్‌ను ఎల్క్ మీదికి తిప్పేలోపు ఎల్క్ చెట్లలోకి పోయింది. ఇప్పుడు చిన్న ఫ్లూయిడ్ హెడ్ (లోపలి ద్రవం వల్ల కుదుపు లేకుండా తిరిగేది) వాడుతున్నాను. వేళ్ళతో నెడితే వెన్నలా తిరుగుతుంది.

ఆ 85ను అమ్మలేదు. వ్యోమింగ్ మైదానాల్లో ప్రాంగ్‌హార్న్ (జింకలాంటి మైదానపు జంతువు) కోసం ట్రక్కు దిగకుండా చూస్తాం, అక్కడ బరువు ఎవడిక్కావాలి? కాకపోతే ఎండెక్కితే నేల మీది గాలి ఉడికి బొమ్మంతా నీళ్ళలో ఆడినట్టు ఆడుతుంది. అప్పుడు 60 రెట్లు ఉండీ లేనట్టే. 30కి దించి, పులిహోర డబ్బా తెరుస్తాం.