కజిరంగా వెళ్తే బాగోరి, అగరాతొలి వదలొద్దు

అస్సాంలోని కజిరంగా నేషనల్ పార్క్‌లో సఫారీలు రేంజ్‌లవారీగా, అంటే ఒక్కో భాగంలో విడివిడిగా ఉంటాయి. కజిరంగా అనగానే అందరూ కొహోరా రేంజ్ సఫారీ బుక్ చేస్తారు, మెయిన్ గేట్ అదే, హోటళ్లూ దాని చుట్టే ఎక్కువ కాబట్టి. నన్నడిగితే ముందు బాగోరి, తర్వాత అగరాతొలి, ఇంకా టైముంటేనే కొహోరా.

బాగోరిలో ఖడ్గమృగాల్ని వెతకక్కర్లేదు, గేటు దాటి కాస్త లోపలికెళ్తే అవే కనిపిస్తాయి, 2022 లెక్కల్లో పార్క్ మొత్తం మీద 2,613 ఉన్నాయి మరి. ఒకటైతే మా జిప్సీకి బాగా దగ్గర్లో రోడ్డు పక్కన పెద్ద పేడకుప్ప దగ్గరికొచ్చి, అటు తిరిగి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్లి సరిగ్గా దాని మీదే వేసి పోయింది. అన్నీ అలా ఒకేచోట వేస్తాయంట, ఎవరొచ్చి వెళ్లారో మిగతావాటికి వాసనతోనే తెలిసిపోతుందని గైడ్ చెప్పాడు. మెడ మడతల్లో బురద ఎండి పెచ్చులు కట్టడం కూడా కనిపించింది, జూమ్ లెన్స్ అవసరమే పడలా.

పులి మాత్రం కనపళ్లేదు. పులులు బాగానే ఉన్నాయి గానీ ఆ గడ్డిలో పక్కనే పడుకున్నా తెలీదు, దానికోసమే అయితే ఇంత దూరం దండగ. నవంబర్లో వెళ్తే గడ్డి జీపుని మించి ఉంటుంది, మేం మార్చిలో వెళ్లాం, అప్పటికి పాత గడ్డి చాలా చోట్ల కాల్చేసి ఉంటారు, లేత చిగుళ్ల కోసం అడవి గేదెలు, బారసింగాలు బయటికొస్తాయి, బూరుగు చెట్లు ఆకు లేకుండా ఎర్రగా పూసుంటాయి.

అగరాతొలిలో జనం తక్కువ. సోహోలా బీల్ అనే పెద్ద చెరువు దగ్గర గూడబాతులు, రకరకాల నీటిపక్షులు, బైనాక్యులర్ లేకపోతే సగం మిస్సే. కొహోరా, బాగోరిల్లో పొద్దున ఏనుగు సఫారీ కూడా ఉంది, నాకైతే ఏనుగు మీదెక్కి తిరగడం నచ్చదు, వదిలేశా.

రూమ్ విషయంలో ఒక్కటే మాట, హైవే మీద తీసుకోవద్దు. మాది రూమ్ శుభ్రంగానే ఉంది, భోజనం వేడివేడిగా పెట్టారు, కానీ రాత్రంతా లారీల మోత. పైగా ఆ రోడ్డు పార్క్‌కీ కార్బీ ఆంగ్లాంగ్ కొండలకీ మధ్యలో పోతుంది, బ్రహ్మపుత్ర వరదొస్తే జంతువులు దాన్ని దాటే కొండెక్కాలి. కాస్త లోపలికి టీ తోటల వైపు ఉన్న లాడ్జీలు చూసుకోండి, ఫ్లైట్ గువాహటికి కాకుండా జోర్హాట్‌కి దొరికితే రోడ్డు ప్రయాణం సగానికి పైగా తగ్గుతుంది. వానాకాలం పార్క్ మూసేస్తారు, డేట్లు చూసుకుని బుక్ చేయండి.