చమురు బావుల కరెంటుకు, ఉప్పునీటికి ఏది మేలు: గ్యాస్ టర్బైనా, గ్రిడ్డా, లారీ మీద వచ్చే రియాక్టరా?

పశ్చిమ టెక్సాస్, న్యూ మెక్సికోల్లో పరుచుకున్న పర్మియన్ బేసిన్‌లో చమురు కన్నా ఎక్కువగా పైకి వచ్చేది నీరు. ఒక బ్యారెల్ చమురుకు మూడు నాలుగు బ్యారెళ్ల ఉప్పునీరు తోడొస్తుంది. మొత్తం కలిపితే రోజుకు 2 కోట్ల బ్యారెళ్ల పైమాటే. లారీల మీద తెచ్చిపెట్టే చిన్న అణు రియాక్టర్‌తో బావులు నడిపి, మిగిలిన వేడితో ఈ నీటిని శుద్ధి చేసి వాడుకుందామన్నది కొత్త ప్రతిపాదన. ఇందులో కరెంటు లెక్క వేరు, నీటి లెక్క వేరు. రెండిటినీ కలిపి చూపించే పవర్‌పాయింట్‌లను నమ్మకండి.

ముందు కరెంటు సంగతి. భూమి లోపల అడ్డంగా తవ్విన బావిలో దించే మునుగు పంపుకు 150 నుంచి 400 కిలోవాట్లు కావాలి. కరెంటుతో నడిచే ఫ్రాకింగ్ (నీటి ఒత్తిడితో రాతిని చీల్చి చమురు రాబట్టే పని) బృందానికి 20–30 మెగావాట్లు. పంపులు, కంప్రెసర్లు రాత్రింబవళ్లు ఒకే తీరున లాగుతాయి. ఫ్రాకింగ్ మాత్రం కొన్ని వారాలు ఉండి పక్క ప్యాడ్‌కు (కొన్ని బావులు కలిసి ఉండే స్థలం) వెళ్లిపోతుంది.

గ్యాస్ టర్బైన్‌కు ఇంధనం కాళ్ల దగ్గరే ఉంది. 5 మెగావాట్లకు రోజుకు సుమారు 12 లక్షల ఘనపుటడుగుల గ్యాస్ చాలు. వేయి ఘనపుటడుగులు 2 డాలర్లనుకున్నా యూనిట్‌కు ఇంధనం ఖర్చు 2 సెంట్లే. 2024లో పశ్చిమ టెక్సాస్ గ్యాస్ అమ్మకాలు జరిగే వాహా కేంద్రం దగ్గర గ్యాస్ ధర చాలా రోజులు సున్నాకు దిగువన నడిచింది, అంటే తీసుకెళ్లినవాడికే ఎదురు డబ్బులిచ్చారు. అలాంటి చోట దీనికి పోటీ లేదు. చిక్కులు మాత్రం ఉన్నాయి. బావి గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్, బరువు హైడ్రోకార్బన్లు ఉంటాయి కాబట్టి ముందు శుద్ధి చేసే యంత్రాల చట్రం (స్కిడ్) పెట్టకపోతే బర్నర్లు పాడవుతాయి. 40 డిగ్రీల ఎండలో టర్బైన్ శక్తి ఆరో వంతు దాకా పడిపోతుంది. ఇక 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో బావులు గడ్డకట్టి గ్యాస్ ఆగింది, గ్యాస్ లేక కరెంటు పోయింది, కరెంటు లేక కంప్రెసర్లు ఆగి ఉన్న గ్యాస్ కూడా కదల్లేదు.

గ్రిడ్ దొరికితే అన్నిటికన్నా తలనొప్పి తక్కువ. దొరకడమే కష్టం. ఈ ప్రాంతానికి 765 కిలోవోల్టుల లైన్లకు 2025 ఏప్రిల్‌లో టెక్సాస్ ఆమోదం దొరికింది, అవి పూర్తవడం 2030 నాటి మాట.

ఇప్పుడు రియాక్టర్. వెస్టింగ్‌హౌస్ ఈవిన్సీ డిజైన్ 15 మెగావాట్ల వేడి పుట్టించి 5 మెగావాట్ల కరెంటిస్తుంది, ఒకసారి ఇంధనం నింపితే ఎనిమిదేళ్లు నడవాలి. అమెరికా రక్షణ శాఖ తన కదిలే రియాక్టర్ పథకం ప్రాజెక్ట్ పీలేలో పెట్టిన షరతు ఇంకా కఠినం: 20 అడుగుల కంటైనర్లలో పట్టాలి, మూడు రోజుల్లో బిగించాలి, ఏడు రోజుల్లో విప్పాలి. ఒక ప్యాడ్ పని ముగిశాక ఒకట్రెండు రోజుల్లోనే ఇంకో ప్యాడ్‌కు మారిపోయే ఫ్రాకింగ్ బృందానికి ఇదే పెద్ద జాప్యం. విప్పడం ఆలస్యమయ్యే కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. 15 మెగావాట్ల రియాక్టర్‌ను ఆపిన క్షణాన ఇంకా సుమారు 1 మెగావాట్ వేడి పుడుతూనే ఉంటుంది, ఒక రోజు తర్వాత 75 కిలోవాట్లు, వారం తర్వాత కూడా 40 దాటి. దానికి తోడు రేడియేషన్ కవచం బరువు, దారి పొడవునా అనుమతులు, కొత్త చోటుకు మళ్లీ లైసెన్స్. అందుకే ‘పోర్టబుల్’ అన్నది ఫ్యాక్టరీ నుంచి ఒకసారి తెచ్చి, చివర్లో ఒకసారి తీసుకెళ్లడానికి పనికొచ్చే గుణం మాత్రమే.

ఒక్క ప్యాడ్‌కు కట్టేయడమూ తప్పే. షేల్ (పొరరాయి) బావి దిగుబడి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది, రియాక్టర్ మాత్రం ఎనిమిదేళ్లూ అంతే ఇస్తుంది. పదుల ప్యాడ్లను కలిపే సొంత లైన్ల మధ్యలో పెడితేనే దాని శక్తి వృథా పోదు. ఇంధనం ఇంకో ముడి. ఈ డిజైన్లకు యురేనియం–235 వాటాను 20 శాతానికి కాస్త తక్కువ దాకా పెంచిన యురేనియం కావాలి. ఒహాయోలోని పైక్‌టన్‌లో 2023 నవంబరులో వచ్చిన మొదటి అమెరికా సరుకు 20 కిలోలు.

నీటి దగ్గర కథ చిక్కబడుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే, ఇక్కడ 100 నుంచి 200 దాకా ఉంటుంది. ఇళ్లలో వాడే ఆర్ఓ తరహా పొరలు 70 గ్రాముల దగ్గరే చేతులెత్తేస్తాయి, కాబట్టి మరిగించక తప్పదు. ఆవిరిని మళ్లీ నొక్కి వాడే యంత్రానికి ఘనపు మీటరుకు సుమారు 25 యూనిట్ల కరెంటు పడుతుంది. రియాక్టర్ 5 మెగావాట్లూ దీనికే ఇస్తే రోజుకు దాదాపు 30,000 బ్యారెళ్ల మంచినీరు. అలా కాకుండా కరెంటు బావులకిచ్చి, వృథాపోయే 10 మెగావాట్ల వేడితో ఆరు దశల ఆవిరి యంత్రం నడిపితే, ఘనపు మీటరుకు 120 యూనిట్ల వేడి చొప్పున 12,500 బ్యారెళ్లు వస్తాయి. ‘ఉచిత వేడి’ అనేవాళ్లు ఈ రెండో అంకెనే చెప్పాలి. రోజుకు 2 కోట్ల ముందు అదెంత?

పైగా నీటిలో సగమే తీయగలం. 130 గ్రాముల ఉప్పునీటిని సగానికి ఇగిరిస్తే ఉప్పు గడ్డకట్టే అంచుకు చేరుతుంది, మిగతా సగం మళ్లీ బావిలోకే. మరిగించే ముందు చమురు తేర్చాలి, ఇనుము తీయాలి, బేరియం, కాల్షియం తగ్గించాలి, అమ్మోనియా తోలాలి. బేరియం వదిలేస్తే గొట్టాల లోపల సల్ఫేట్ పొలుసు కట్టి వేడి దాటడం ఆగిపోతుంది. ఆ పొలుసులోనే రేడియం–226 చేరుతుంది, దాని అర్ధాయుష్షు 1,600 ఏళ్లు. రియాక్టర్ వద్దనే చమురు కంపెనీల పాత పైపుల్లో రేడియోధార్మికత ఎప్పటి నుంచో ఉంది మరి.

కాబట్టి నీటికి మొదటి ఎంపిక చౌకైనదే: కొద్దిగా శుభ్రం చేసి తిరిగి ఫ్రాకింగ్‌కు వాడటం. దానికి ఉప్పు తీయాల్సిన పనే లేదు. మిగిలినదాన్ని భూమిలోకి ఎక్కించడానికి బ్యారెల్‌కు డాలర్ లోపే. కానీ ఆ దారి ఇరుకవుతోంది. మిడ్‌ల్యాండ్, ఒడెస్సా మధ్య ఇలా ఎక్కించిన నీటితో ముడిపడిన భూకంపాల వల్ల 2021 డిసెంబరులో టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్ (పేరుకే రైలు, చూసేది చమురు) లోతు బావుల్లోకి నీరు ఎక్కించడాన్ని ఆపేయించింది. మరుసటి ఏడాది నవంబరులో రీవ్స్ కౌంటీ ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూమి కంపించింది. భూమిలోకి ఎక్కించే హద్దు నిండిన చోట, పైప్‌లైన్లతో నీరు ఒకచోటికి చేరే కేంద్రం దగ్గర, ఎటూ కదలని రియాక్టర్ లెక్కకు నిలబడొచ్చు. అబిలీన్ క్రిస్టియన్ యూనివర్సిటీకి 2024 సెప్టెంబరులో నిర్మాణ అనుమతి దొరికిన ద్రవలవణ రియాక్టర్ (ఇంధనం కరిగిన ఉప్పులో ఉండే రకం) 1 మెగావాట్ వేడి ఇచ్చే పరిశోధన యంత్రమే. అదే సాంకేతికతను ఉప్పునీటి శుద్ధికి పెంచాలని దాని భాగస్వామి నాచురా చూస్తోంది.

ఇవాళ్టికి ఎంపిక ఇలా: గ్యాస్ మండించి పారేస్తున్న చోట టర్బైన్, లైన్ దగ్గర్లో ఉంటే గ్రిడ్, ఫ్రాకింగ్‌కు ఏ స్థితిలోనూ రియాక్టర్ వద్దు. కొత్త గ్యాస్ గొట్టాలు పడి వాహాలో గ్యాస్‌కు ధర పలికే కొద్దీ స్థిరమైన పంపుల లోడ్‌కు రియాక్టర్ చర్చకొస్తుంది. అప్పుడైనా రియాక్టర్‌ను కొనకండి, కరెంటు మాత్రమే కొనండి. 2024లో చమురు కంపెనీ డైమండ్‌బ్యాక్, రియాక్టర్ కంపెనీ ఓక్లో మధ్య 50 మెగావాట్లకు, ఇరవై ఏళ్లకు కుదిరిన ప్రాథమిక ఒప్పందం పద్ధతి అదే. చమురు కంపెనీలు దివాలా తీసి వదిలేసిన బావులు టెక్సాస్‌లో వేలున్నాయి. అంటార్కిటికాలోని మెక్‌మర్డోలో 1972లో ఆపేసిన చిన్న రియాక్టర్ చుట్టూ వేల టన్నుల మట్టి, రాయి తవ్వి ఓడల్లో అమెరికాకు తరలించాల్సి వచ్చింది. వాడిన ఇంధనానికి అమెరికాలో శాశ్వత నిల్వ స్థలం ఇంకా లేదు. కాబట్టి వాడిన కోర్‌ను (రియాక్టర్‌లో ఇంధనం ఉండే గర్భభాగం) ఎవరు, ఏ తేదీలోగా, ఎవరి డబ్బుతో తీసుకెళతారో, ఆ డబ్బు ముందే ఏ ఖాతాలో ఉందో ఒప్పందంలో రాయించుకోవాలి.