రిటైరయ్యాక మీటియోర్ 350: ఏళ్ల వాడకం తర్వాత

ఈ వయసులో బైక్ కొనేవాళ్లు ముందు ఆగి ఉన్న బండిని చేత్తో తోసి చూడాలి. కదులుతున్నప్పుడు ఏ బండైనా తేలిగ్గానే అనిపిస్తుంది. అసలు బరువు తెలిసేది సిగ్నల్ దగ్గర, మట్టివాలులో, ఇరుకు పార్కింగులో. మోకాళ్లూ నడుమూ మునుపటిలా లేనప్పుడు బండి ఎంపికంతా అక్కడే తేలిపోతుందని నా గట్టి నమ్మకం.

ఆ లెక్కలోనే రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350 తీసుకున్నాను. 2020 చివర్లో వచ్చిన మోడల్. సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు. ఇదే ఇంజిన్‌తో వచ్చిన క్లాసిక్ 350 సీటు 805. చెప్పుకోవడానికి నాలుగు సెంటీమీటర్లే. కానీ బండిని మునివేళ్ల మీద నిలబెట్టడం వేరు, మడమలు కూడా నేలకు ఆనించి నిలబెట్టడం వేరు. బరువు 191 కిలోలు, తక్కువేం కాదు. అందుకే వాలులో ముందుచక్రం పల్లానికి దించి ఎప్పుడూ ఆపను. అక్కణ్నుంచి వెనక్కి లాగితే భుజం పట్టేస్తుంది. ముందే బండి తిప్పి, ముందుచక్రం ఎత్తువైపు పెట్టి, మొదటి గేరులో ఉంచి దిగుతాను. మళ్లీ బయల్దేరేటప్పుడు క్లచ్ నొక్కి పట్టి బ్రేకు మెల్లగా వదిలితే చాలు, బండే వెనక్కి వస్తుంది.

349 సీసీ సింగిల్ సిలిండర్, 20.2 బీహెచ్‌పీ. పరుగులు తీయాలనుకునేవాళ్లకు ఇది ఆనదు. నాకు నచ్చింది దీని టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. 27 న్యూటన్ మీటర్లూ 4,000 ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతాయి కాబట్టి మాటిమాటికీ గేర్లు మార్చక్కర్లేదు, ఎడమచేతి వేళ్లకు క్లచ్ పని తగ్గుతుంది. గేరు లివరు ముందూ వెనకా ఉంటుంది, మడమతో నొక్కితే పై గేరు పడుతుంది. ఇంజిన్ అదురు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉండటంతో 80 కిలోమీటర్ల వేగంలో హ్యాండిల్ మీద చేతులు తిమ్మిరెక్కవు. వేళ్ల కీళ్ల నొప్పులున్నవాళ్లకు ఇదెంత ఊరటో వేరే చెప్పాలా!

కూర్చునే తీరు గురించి మాత్రం జాగ్రత్తగా ఆలోచించండి. మీటియోర్ లాంటి క్రూయిజర్లలో, అంటే తీరిగ్గా దూరాలు వెళ్లే బళ్లలో, కాళ్లు ముందుకు చాపి ఉంటాయి, గుంత వచ్చినప్పుడు ఫుట్‌పెగ్‌ల మీద పైకి లేవడం కష్టం. కుదుపు నేరుగా వెన్నుకు చేరుతుంది. నేను గుంతకు చాలా ముందే వేగం తగ్గిస్తాను, గంటకోసారి దిగి కాసేపు నడుస్తాను. డిస్క్ సమస్య ఉన్నవాళ్లు వీధి చివరిదాకా నడిపి చూసి సరిపెట్టుకోకండి, కనీసం ఒక గంట నడిపి చూడండి.

మన వాడకంలో టైర్లు అరగకముందే ముసలివవుతాయి. పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి: 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. గాట్లు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడితే తడిరోడ్డు మీద పట్టు పోతుంది. బ్యాటరీ కూడా అంతే, వారాల తరబడి కదలకపోతే దిగిపోతుంది. ఇక ఇయర్ ప్లగ్‌లు. మంచి హెల్మెట్ పెట్టుకున్నా హైవే గాలి హోరు చెవుల్ని దెబ్బతీస్తుంది, ఈ వయసులో పోయిన వినికిడి తిరిగిరాదు. ఖరీదైన జాకెట్ కన్నా ముందు వీటిని కొనమంటాను.

ఈ బండి వల్లే నాకు పక్షుల్ని చూసే సరదా పట్టుకుంది. తెల్లవారుజామున చెరువుకు కాస్త దూరంలోనే ఇంజిన్ ఆపేసి కదలకుండా కూర్చుంటే, ఎగిరిపోయిన లకుముకిపిట్ట మళ్లీ అదే కొమ్మ మీదికొచ్చి వాలుతుంది. తల ఒక్కసారి ఊపి నీళ్లలోకి దూకుతుంది, పట్టిన చేపను కొమ్మకేసి టపటపా కొట్టి, తలవైపు నుంచి మింగుతుంది. ఆ క్షణంలో ఒళ్లంతా కళ్లు చేసుకుని చూస్తాను.

బైనాక్యులర్స్ కూడా మన ఒంటిని బట్టే కొనాలి. నాది 8×42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. 42ని 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు, అంటే కంటికి చేరే వెలుగు వలయం అంత. కుర్రతనంలో చీకట్లో కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, అరవై దాటాక చాలామందికి 5 దగ్గర ఆగిపోతుంది. 7×50 కొంటే అదనపు వెలుగు మన కంటిలోకి రాదు, బరువు మాత్రం మెడకు వేలాడుతుంది. కళ్లద్దాలున్నవాళ్లు ఐ రిలీఫ్ (పూర్తి దృశ్యం కనిపించేలా కంటికీ బైనాక్యులర్స్ అద్దానికీ మధ్య ఉండగల దూరం) 15 మిల్లీమీటర్లకు పైన ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చుట్టూ నల్లటి అంచు కనిపిస్తుంది.

మీటియోర్ చూడ్డానికి వెళ్లేటప్పుడు రోజూ వేసుకునే బూట్లు, హెల్మెట్, ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వెంట తీసుకెళ్లండి. సీటెక్కి, తల వంచకుండా స్పీడోమీటర్ చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి. తర్వాత దిగి, ఇంజిన్ ఆపి, బండిని పది అడుగులు వెనక్కి లాగండి.