వెస్ట్‌కపెల్: పోపుకి 40 యూరోలు, కరకట్టకి దండం

నెదర్లాండ్స్‌లో సముద్రం ఒడ్డున రెండు రాత్రులకి ఇల్లు తీసుకోవాలనుకునేవాళ్ళు ముందు వెస్ట్‌కపెల్‌లో మా లెక్క చూడండి. అద్దె 240 యూరోలని చూసి బుక్ చేశాం. తాళాలిచ్చేటప్పుడు ఇంటాయన ఇంకో కాగితం తీశాడు. దుప్పట్లకీ దిండు గలీబులకీ మనిషికి 12.50 చొప్పున నలుగురికి 50. ఖాళీ చేశాక ఇల్లు శుభ్రం చేయించడానికి 65. పర్యాటక పన్ను ఎక్కడికెళ్ళినా తప్పదు కాబట్టి దాని సంగతి వదిలేస్తున్నా. ఆఖరి రోజు డిపాజిట్‌లో మరో 40 కోశాడు. ఎందుకయ్యా అంటే, వంటింట్లో వాసనట! మా అత్తయ్యగారు చారుకి పెట్టిన పోపు అది. మొత్తం 155 యూరోల బాదుడు.

"నలభై అంటే మన డబ్బుల్లో ఎంతరా?" అని ఆవిడ మూడుసార్లు అడిగినా మా ఆయన చెప్పలేదు. పైగా "చిన్న అక్షరాల్లో రాశారు కదా, మనమే చదవలేదు" అని ఇంటాయన్ని వెనకేసుకొచ్చారు. ఆ పూట మా ఇద్దరికీ మాటల్లేవు.

ఇంత తిట్టాక కూడా వెస్ట్‌కపెల్ వెళ్ళమనే చెప్తాను. ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వీన్ నుంచి కారులో రెండుంపావు గంటలు, జీలాండ్ రాష్ట్రంలో, ఒకప్పుడు దీవి అయిన వాల్‌కెరెన్ కొసన చిన్న ఊరు. దారిలో డోంబర్గ్ ఉంది. అందరూ అక్కడే దిగుతారు, పార్కింగ్ దొరకదు, కాఫీ ఖరీదు. మేం అరగంటలో బయటపడ్డాం.

వెస్ట్‌కపెల్‌లో కారు దిగగానే అత్తయ్య ఆగిపోయారు. "సముద్రం పైనుంది, ఊరు కిందుంది, చూశావా అమ్మాయ్?" అన్నారు. నాలుగేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్న నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆవిడది నాగాయలంక. 1977 నవంబర్ 19 రాత్రి దివిసీమ ఉప్పెనని చిన్నపిల్లగా చూసిన మనిషి. కరకట్ట కనిపిస్తే ముందు దాని ఎత్తు చూస్తారు.

ఇక్కడ ఇసుక దిబ్బలు కొట్టుకుపోయాక 15వ శతాబ్దంలో ఊరిని లోపలికి జరుపుకుని కట్ట వేసుకున్నారు. ఆ శతాబ్దపు చర్చి గోపురం ఇప్పటికీ ఉంది. 1818లో దాని నెత్తిన దీపం పెట్టి లైట్‌హౌస్ చేశారు. 1831లో చర్చి కాలిపోయింది, గోపురం మాత్రం మిగిలింది. 207 మెట్లు. తెరిచే వేళలు ముందే చూసుకోండి. మామయ్యగారు మోకాళ్ళ పేరు చెప్పి కిందే కూర్చున్నారు.

అసలు కథ పోల్డర్‌హౌస్ మ్యూజియంలో తెలిసింది. అక్కడున్న పెద్దాయన అడక్కుండానే మామయ్యకి కుర్చీ తెచ్చి వేశాడు. కుర్చీకి కూడా డబ్బులేమోనని మామయ్య నా వైపు చూశారు. పెద్దాయన ఇంగ్లీషులో చెబుతుంటే నేను అత్తయ్యకి తెలుగులో చెప్పాను. రెండో ప్రపంచయుద్ధంలో, 1944 సెప్టెంబర్‌లో, బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవు జర్మన్ల నుంచి మిత్రపక్షాల చేతికొచ్చింది. కానీ ఓడలు అక్కడికి చేరాలంటే షెల్ట్ నది ముఖద్వారం దాటాలి, అక్కడ వాల్‌కెరెన్ మీద జర్మన్ ఫిరంగులున్నాయి. దీవిని ముంచేస్తే సరి అన్నది కెనడా జనరల్ గై సైమండ్స్ ఆలోచన. ముందురోజు కరపత్రాలు జారవిడిచి, అక్టోబర్ 3న బ్రిటిష్ విమానాలు ఈ కట్టని బద్దలుకొట్టాయి. ఊళ్ళో 150 మందికి పైగా చచ్చిపోయారు. బాంబులకి భయపడి ఒక గాలిమరలో దాక్కున్నవాళ్ళు శిథిలాల కింద ఇరుక్కుపోతే, పోటు నీళ్ళు ఎక్కి నలభై మందికి పైగా అక్కడే పోయారు.

అత్తయ్యకి అర్థం కాలేదు. "జర్మనీవాళ్ళు కొట్టారా కట్ట?"

"కాదత్తయ్యా, విడిపించడానికి వచ్చినవాళ్ళే."

"వీళ్ళ వైపువాళ్ళేనా?" అని మళ్ళీ అడిగారు. పెద్దాయనకి తెలుగు రాకపోయినా ప్రశ్న అర్థమైనట్టుంది, తలూపాడు. గండి పూడ్చింది 1945 అక్టోబర్‌లో. అంటే ఏడాది పొడుగునా సముద్రం పోటూ పాటూ ఊళ్ళోంచే. ఉప్పు నీళ్ళు నిలిచాక పొలాలు ఏమవుతాయో అత్తయ్యకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మేం గంటలో వచ్చేద్దామనుకున్న చోట మూడు గంటలున్నాం.

కట్ట మీద షెర్మన్ ట్యాంకు ఒకటి నిలబెట్టారు. 1944 నవంబర్ 1న మిత్రపక్షాల కమాండోలు దిగింది ఆ గండి దగ్గరే. పిల్లలు ట్యాంకు మీదెక్కి ఆడుకుంటున్నారు. అత్తయ్య మాత్రం కట్టకి చెయ్యి తగిలించి దండం పెట్టుకున్నారు. పక్కన సైకిళ్ళవాళ్ళు వింతగా చూశారు.

తిండి సంగతి. చేపల కొట్లో కిబ్బెలింగ్, అంటే పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప ముక్కలు, పొట్లం 9.50. వాళ్ళిచ్చే తెల్ల సాస్ పక్కన పెట్టి, ఇంటి నుంచి తెచ్చిన కారం చల్లుకోండి. "మన చందువా ముందు ఇదెంత" అంటూనే మామయ్య రెండో పొట్లం తెప్పించారు. దాల్చినచెక్క వేసిన జీలాండ్ బోలుస్ మాత్రం చేతులంతా జిగురు, నాకు నచ్చలేదు.

ఇల్లు చేరాక ఇంటాయన మెయిల్ పంపాడు, ఐదు నక్షత్రాలివ్వమని. మా ఆయన ఇద్దామన్నారు. రెండిచ్చాను, ఆ రెండూ కిటికీలోంచి కనిపించే గోపురానికి. జూన్‌లో మళ్ళీ వెళ్దామంటున్నారు అత్తయ్య. దుప్పట్లు ఈసారి మావే.