పనస వీపు, స్ప్రూస్ పలక: నేను వాయించే మూడు మాండలిన్లు

మాండలిన్ కొనబోయేవాళ్లు ఫోన్ చేసి "ఏ కర్రతో చేసింది మంచిదండీ?" అంటారు. అలా అడిగితే చెప్పడం కష్టం. పై పలక ఏ కర్ర, వీపు ఏ కర్ర అని విడదీసి అడిగితే చెప్పొచ్చు. విజయనగరంలో కచేరీలకీ, హరికథలకీ, పిల్లల పాఠాలకీ ఏళ్లుగా మూడు చేతిపని మాండలిన్లు వాయిస్తున్నాను. వాటి గురించి నా చెవికి అందింది రాస్తున్నాను.

మొదటిది మా మేనల్లుడు అమెరికాలో ఒక చిన్న పనివాడి దగ్గర చేయించి తెచ్చింది. పలక స్ప్రూస్, వీపు మేపుల్, పలక మీద ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు. ఫిడేలుకీ ఇదే జోడీ. అక్కడివాళ్లు కట్టే శ్రుతి కూడా ఫిడేలుదే, జి-డి-ఎ-ఇ. నేను మన పద్ధతిలో స-ప-స-ప కట్టుకుంటాను. స్ప్రూస్ తేలికైన కర్రే గానీ నార పొడవునా మంచి బిగువు. చిన్న మీటుకే కదులుతుంది. మేపుల్ గట్టిది. ఈ రెండూ కలిస్తే స్వరం టక్కున పుట్టి టక్కున ఆగుతుంది. మోహనలో చిట్టస్వరం రెండో కాలంలో పట్టుకుంటే ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా వినబడుతుంది. పైడితల్లమ్మ పండగ రోజుల్లో ఆరుబయట పందిట్లో కూడా ఈ గొంతు జనంలోంచి చీల్చుకుని వస్తుంది. అదే తోడి ఆలాపనకు కూర్చుంటే ప్రాణం తీస్తుంది. గాంధారాన్ని పట్టి ఊపేలోగా నాదం అయిపోతుంది. ట్రెమోలోతో, అంటే అదే స్వరాన్ని ఆపకుండా గబగబా మీటుతూ నింపాలి. తోడికి ట్రెమోలో ఏంటండీ!

రెండోది పూర్తిగా పనస. బొబ్బిలి వైపు వీణలు చేసే ఒకాయన చేశాడు. వీణను ఒకే దుంగలో తొలిచే చోటు కదా, దీని పొట్ట కూడా అలాగే ఒకే ముక్కలో తొలిచి, పైన పనస పలకే అతికించాడు. కొలతలన్నీ మొదటిదానివే ఇచ్చాను. తీగ పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, తీగలు అదే ఫాస్ఫర్ బ్రాంజ్ సెట్టు, రంధ్రాలు కూడా అవే. గుండ్రటి రంధ్రం పెడితే శబ్దం దానంతటదే లావెక్కుతుంది, మనం అది కర్ర గొప్పతనం అనుకుంటాం.

మంద్రం ఎంత నిండుగా ఉంటుందో చెప్పలేను. ఇంట్లో రాత్రిపూట వాయించుకోవడానికి దీన్ని మించింది లేదు. కానీ శబ్దం దూరం పోదు. హాల్లో మూడో వరసవాళ్లే మైకు పెంచమంటారు. వీణ పలకా పనసే కదా, అది మోగట్లేదా అని అడగొచ్చు. వీణ తీగ దీనికి రెండింతలకు పైగా పొడవు, కుండ ఎన్నో రెట్లు పెద్దది. అంత బరువైన పలకను కదిపే సత్తువ వీణ తీగకుంది, మాండలిన్ తీగకు లేదు. పలక పల్చన చేయమంటే ఆయన ఒప్పుకోలేదు. "గుర్రం కింద కుంగిపోద్ది బాబూ. ఎనిమిది తీగలు అదిమితే ఆగుతాదేటి?" అన్నాడు. గుర్రమంటే తీగల్ని మోస్తూ పలక మీద నిలబడే చిన్న ముక్క. రెండు పలకల మీదా గోటితో కొట్టి వినిపించాడు. స్ప్రూస్ ఖంగుమంది. పనస డబ్బుమని ఊరుకుంది.

మూడోది ఆ ముచ్చట తర్వాత చేయించింది. పలక స్ప్రూస్, వీపు పనస. ఇప్పుడు నా చేతిలో ఎక్కువగా ఉండేది ఇదే. మంద్ర పంచమాన్ని మీటి, వేలు ఎత్తకుండా వినండి. మొదటి దెబ్బ మేపుల్ దానంత పదునుగానే పడుతుంది, ఆ తర్వాత తోక వెచ్చగా, నెమ్మదిగా సాగుతుంది. కొత్తలో కాస్త బిగుసుకున్నట్టు పలికేది, ఇప్పుడు నోరు విప్పింది. వీపు కూడా మొదట్లో పచ్చగా పసుపు రాసినట్టుండేది. వెలుగుకీ గాలికీ ముదిరి గోధుమరంగుకు తిరిగింది. ఖర్చు అమెరికాదానికి అయినదాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. అందులోనూ సగం స్ప్రూస్ తెప్పించడానికే.

కర్ర మారిస్తే గమకం పలుకుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. రెండేసి చొప్పున కట్టే జంట తీగలు, మెట్లుండే ఆ పొట్టి దండి, ఆ బిగువు. ఏ కర్రయినా వేళ్లు కోసుకోవడమే. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగలు వదిలేసి, ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కు వెళ్లింది ఊరికే కాదు. పోలిక చూడటం అయ్యాక మూడోదానికి నేనూ పై రెండు జతల్లో ఒక్కో తీగ తీసేశాను. శబ్దం కొంత తగ్గింది, చెయ్యి తేలికపడింది.

వాతావరణం సంగతి. భోగాపురం వైపు కార్యక్రమానికి వెళ్లొస్తే సముద్రగాలికి తీగలు తుప్పు పడతాయి, అది మూడింటికీ ఒకటే. ముసురు పట్టినప్పుడు స్ప్రూస్ పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, గుర్రం మరలు కాస్త దించుకోవాలి. పనసది ఎండకీ వానకీ పెద్దగా చలించదు. ఎండాకాలంలో దేన్నీ కారులో వదలొద్దు, జిగురు మెత్తబడి అతుకులు విడుతాయి.

పనసదాంతో నాకున్న అసలు పేచీ కర్రతో కాదు, మెట్లతో. వీణ మెట్లు మైనంలో నిలబెడతారు, అపశ్రుతి అనిపిస్తే మైనం వేడిచేసి జరుపుకోవచ్చు. మాండలిన్ మెట్టు దండిలో గాడి కోసి దిగ్గొట్టేది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇక అంతే. నా రెండోదాంట్లో అయిదో మెట్టు కాస్త హెచ్చు పలుకుతుంది, ప్రతి కచేరీలో వేలు గుర్రం వైపు నెట్టి సర్దుకుంటాను. అందుకే మూడోదానికి గాళ్లు కోసి ఉన్న దండిని బయటినుంచి తెప్పించి ఆయన చేతికిచ్చాను. మన దగ్గర చేయించుకునేవాళ్లు పొట్ట, వీపు పనితనానికి నిశ్చింతగా ఒప్పుకోవచ్చు. దండి, పలక మాత్రం మీరే తెచ్చివ్వండి.